ఆరుగురి కోసం చంద్రపూర్

చంద్రపూర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ అడుగుతున్నది ఒకటే: పులిని చూశారా అని. చూడలేదు. పులుల అడవికి వెళ్ళేవాళ్ళు వేరే రోడ్డు పడతారు. నేను వెళ్ళింది మనుషుల కోసం, అదీ ఆరుగురి కోసం. మా సంస్థ వేసిన కరపత్రంలో ఈ ప్రయాణం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అందులో నా పేరు లేదు. కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు సంగతి చెప్పాలి. నేను రాజమండ్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఆ తర్వాత వరదల్లో వైద్య శిబిరాలు పెట్టే ఒక చిన్న సంస్థలో చేరాను. ఈ వానాకాలం వర్ధా, వైన్‌గంగా రెండూ ఒకేసారి పొంగి, చంద్రపూర్ జిల్లాలో గోండ్‌పిప్రి అవతల ఒడ్డు పల్లెల్ని ముంచేశాయి. ఆ నీళ్ళే చివరికి గోదావరై మా ఊరొస్తాయి. అందుకని అక్కడ పదిహేను రోజుల శిబిరం పెడదామని మావాళ్ళు అనుకున్నారు. డేరాలు, మందులు, ఒక కుర్ర డాక్టరు సిద్ధం. లేనిది పనిచేసే చేతులు. కట్టు కట్టడం, సెలైన్ ఎక్కించడం, పాముకాటు చూడడం, పురుడు పోయడం వచ్చి, పడవంటే భయపడని ఆరుగురు కావాలి. ఆ పల్లెల్లో ఒక ఇంట్లో మరాఠీ, పక్కింట్లో తెలుగు. మా రాజమండ్రి నర్సులకు మరాఠీ రాదు. అక్కడి ప్రభుత్వ సిబ్బంది అప్పటికే రాత్రింబగళ్ళు పనిచేస్తున్నారు. రెండు భాషలూ వచ్చినవాళ్ళు చంద్రపూర్‌లోనే దొరకాలి. శుక్రవారం పొద్దుటికి ఆరుగురు దొరక్కపోతే డేరాలు, మందులు ఇంకో జిల్లాకు వెళ్ళిపోతాయి. అదీ షరతు.

నన్ను పంపడానికి కారణం ఇంకెవరూ ఖాళీగా లేకపోవడం. మీటింగులో మా డైరెక్టరు డాక్టరు గారు, "వరలక్ష్మి గారూ, మీ మాట తీరు కాస్త కరకు. ఇది బతిమాలే పని. సర్దుకోగలరా?" అన్నారు. అప్పుడు గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలుసు.

బల్లార్షా

రైలు దిగేది బల్లార్షాలో. ఊరివాళ్ళు బల్లార్పూర్ అంటారు, స్టేషను బోర్డు మాత్రం వేరే మాట అంటుంది. సోమవారం పొద్దున్న దిగేసరికి సన్నటి వాన. స్టేషను బయట బండి మీద పోహా తిన్నాను. మన అటుకుల ఉప్మాయే అనుకున్నాను గాని, దాని మీద ఎర్రగా నూనె తేలే శనగల పులుసు ఒక గరిటె పోస్తారు. దాన్ని తర్రి అంటారు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ప్లేటు ఇరవై ఐదు. మా కోటగుమ్మం దగ్గర ఆ డబ్బుకు పెసరట్టు రాదు.

"ఎంతండీ?" అని అడిగాను. బండివాడు తెలుగువాడే. పక్కన టీ తాగుతున్న మనిషి వైపు తిరిగి, "సినిమాల మాట్లాడినట్టు మాట్లాడుతుంది గీ అమ్మ," అని, నాతో "ఇరవై ఐదు అండీ" అన్నాడు, ఆ 'అండీ'ని సాగదీసి. టీ తాగే మనిషికి పొలమారింది. నేను డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ బండికి మళ్ళీ వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను, అది ఒప్పుకోవాలి. తర్రి బాగుంది.

జట్‌పురా గేటు దగ్గర

చంద్రపూర్ ఊరి చుట్టూ పాత గోండు రాజుల కోటగోడ ఉంది. ఆ గోడ గుమ్మంలోంచే ఆటోలు, బస్సులు, స్కూలు పిల్లల సైకిళ్ళు దూరి పోతుంటాయి. మాకు అలాంటి గుమ్మం మిగిలి ఉంటే టిక్కెట్టు పెట్టేవాళ్ళం. ఇక్కడ దాని నీడన గొడుగులు బాగుచేసేవాడు కూర్చుంటాడు.

సోమవారం, మంగళవారం ప్రైవేటు ఆసుపత్రులు తిరిగాను. ఒకచోట మేనేజరు నన్ను పది గంటల నుంచి ఒంటిగంటన్నర దాకా బల్ల మీద కూర్చోబెట్టాడు. నా తర్వాత వచ్చిన మందుల కంపెనీ కుర్రాళ్ళు ముగ్గురు లోపలికెళ్ళి వచ్చారు. చివరికి పిలిచి, కుర్చీ చూపించకుండానే హిందీలో, "పదిహేను రోజులు నా సిస్టర్లను మీకిస్తే నా ఆసుపత్రి ఎవరు నడపాలి?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. కుర్చీ చూపించి అడగొచ్చు.

తెలుగు మాట్లాడే నర్సులు చాలామందే కనిపించారు. మేము అచ్చేయించిన ఫారం ఇచ్చాను. జీతం, రోజులు, పని, అన్నీ చక్కటి తెలుగులో ఉన్నాయి. ప్రతివాళ్ళూ దాన్ని ఒకసారి చూడడం, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకోవడం, "చూస్తం మేడం" అనడం. చదివిన పాపాన ఒక్కరూ పోలేదు. మంగళవారం మధ్యాహ్నానికి నా దగ్గర ఇరవై ఫారాలు ఖర్చయ్యాయి, మనుషులు సున్నా.

గేటు దగ్గర టీ తాగుతుంటే వెనక నుంచి, "మేడం, జెర ఆగుర్రి" అని వినిపించింది. నీలం కోటు తొడుక్కున్న పొట్టి అమ్మాయి, ముప్ఫై లోపు ఉంటుంది. మూడున్నర గంటలు నేను కూర్చున్న ఆసుపత్రిలోనే నర్సు. పేరు సునంద. రాజురా దగ్గర పల్లెలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళ కోడలు.

"గీ కాగితంల ఏమున్నదో చెప్పుర్రి," అంది.

"అందులోనే రాసి ఉందమ్మా. చదివితే తెలుస్తుంది."

"గదే కదా. మాకు తెలుగు మాట్లాడొస్తది గని చదువొస్తలేదు. మా సాలల చదువంతా మరాఠీల అయింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా? ఇరవైమందికి ఇచ్చాను."

"మీరు గంత కోపంగ చూస్తుంటె ఎట్ల చెప్తం?"

తెలుగు మాట్లాడేవాళ్ళందరికీ తెలుగు అక్షరాలు వచ్చేస్తాయని రాజమండ్రిలో కూర్చుని అనుకున్నది నేను కాదు. ఫారం రాయించింది డైరెక్టరు గారు. అది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

నేను ఇంకో ఫారం తీసి చదువుతుంటే సునంద తన ఫారం వెనకవైపు మరాఠీలో రాసుకుంది. ఆఖరి లైను దాకా వచ్చాక కలం ఆపేసి, "వాపస్ ఎట్ల తెస్తరో రాయలే," అంది.

అప్పుడు చెప్పింది. రెండేళ్ళ కిందట ఎక్కడిదో ఒక పట్నం సంస్థ వచ్చి, వరద పని పది రోజులే అని ఇక్కడి నుంచి ఐదుగురిని తీసుకెళ్ళింది. సునంద అందులో ఉంది. శిబిరం ఎత్తేసిన రోజు రెండు జీపులు బయల్దేరాయి. మొదటి జీపువాళ్ళు ఆమె రెండోదాంట్లో ఉందనుకున్నారు, రెండో జీపువాళ్ళు మొదటిదాంట్లో ఉందనుకున్నారు. ఆమె శిబిరం వెనకున్న బడి గదిలో జ్వరంతో ఉన్న ముసలాయనకు సెలైన్ మారుస్తోంది. సాయంత్రానికి చుట్టూ నీళ్ళు. మూడు రోజులు ఆ ముసలాయనా ఆమే ఉన్నారు, ఒక బిస్కెట్ల పెట్టెతో. ఫోను చేస్తే సంస్థవాళ్ళు, "రేపు వస్తుంది బండి" అనేవారట. రేపు, రేపు అని మూడుసార్లు. నాలుగో రోజు ముసలాయన్ని తీసుకుని చేపలవాళ్ళ డోంగాలో, అంటే చిన్న దోనెలో, ఒడ్డు చేరింది.

"మా ఐదుగురిల పోశన్న మొదటి జీపుల ఉండె," అంది. "ఇప్పటికి నా మొఖం సూడడు. గాయన వస్తె నేను వస్త. రేపు నాకు సుట్టి, డ్యూటీ లేదు. ఘుగ్గుస్ పోదం, బర్?"

ఘుగ్గుస్

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఘుగ్గుస్‌కు నేను గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని వెళ్ళాను. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీ, ఇనుము కరిగించే ప్లాంటు, వీటి మధ్య బారులు తీరిన లారీలు. వాన పడితే నేల మీద నల్లటి పిండి కలిపినట్టు ఉంటుంది. బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో కాలు జారి చతికిలబడ్డాను. లేచేసరికి నడుం కింద చీర చీరలా లేదు. లారీ డ్రైవరు ఒకడు బండి ఆపి మరీ చూశాడు. ఆ లారీ ముందు నిమ్మకాయలు కట్టి ఉన్నాయి, మూడు.

సునంద పోశన్న అన్న పోశమల్లు ఇల్లు గని కాలనీలో. తండ్రి మంచిర్యాల వైపు నుంచి గని పనికి వచ్చాడట. ఈయన ఇరవై ఏళ్ళుగా గనిలో ప్రథమ చికిత్స గదిలో పనిచేస్తున్నాడు. పొద్దుటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చి, గుమ్మంలో జామచెట్టు ఆకులు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అక్కడ చెట్లకు స్నానం చేయిస్తారు. సునందను చూడగానే గుడ్డ అక్కడే వదిలి లోపలికి పోయాడు.

భార్య రాజవ్వ బయటికొచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఘుగ్గుస్‌కు తెల్లచీర కట్టుకొచ్చిన్రా అమ్మా? మస్తు ధైర్యమే," అంది. నవ్వలేదు గాని నవ్వినట్టే. తన నేత చీర ఇచ్చి, నాది బకెట్లో నానేసింది. తర్వాత జొన్నరొట్టె, శనగపిండితో చేసిన జుణ్కా, అవిసె గింజల పొడి పెట్టింది. మనం అన్నం ముద్దకు చేయి తడుపుకుంటాం. అక్కడ రొట్టెను ఎడమ అరచేతిలో ఉంచుకుని కుడిచేత్తో తుంచుతారు. నాకు ఆ తుంచడం రాక ముక్కలు రాజవ్వ ఒళ్ళో పడ్డాయి.

నేను తిన్నాక పోశమల్లు వచ్చి గోడవారగా కూర్చున్నాడు. సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. గనివాళ్ళు ఇచ్చిన ప్రథమ చికిత్స కాగితం చూపించాడు. ఇది నర్సింగ్‌ది కాదు కదా అన్నాను. పాము కరిస్తే ఏం చేస్తారని అడిగాను.

"కొయ్య. కట్టు బిగియ్య. కరిసిన కాలు కదలనియ్య. మంచం మీద ఏసి దవాఖానకు ఉరుకుత," అన్నాడు. "మా దగ్గర కాలు చక్రం కింద పడ్డోళ్ళను మోసుకొస్తం మేడం. చీకట్ల, వంగి, కిలోమీటరున్నర."

ఆ కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాను. ఆయనే అడిగాడు.

"మీరొకటి చెప్పుర్రి. మమ్ముల వాపస్ తెచ్చేటోళ్ళు ఎవరు?"

"సంస్థ."

"సంస్థ అంటె ఎవరు? గాయనకు కాళ్ళున్నయా? నీళ్ళల్ల నిలవడి మమ్ముల లెక్కపెడ్తడా?"

బొగ్గు బావిలోకి దిగే పద్ధతి అప్పుడు చెప్పాడు. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని పైనున్న మనిషికి ఇచ్చి దిగుతారు. ఆయన దాన్ని బోర్డు మీద మేకుకు తగిలిస్తాడు. పైకొచ్చాక తీసుకుంటారు. మేకు మీద బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టే.

"మూడు వందల మంది దిగినా గంతే. ఒక్క బిళ్ళ మిగిలినా పట్టుకున్నోడు ఇంటికి పోవద్దు. వానికి డ్యూటీ దిగుడు లేదు. గా జీపులల్ల బిళ్ళలు లేకుండె. అందాజుల ఎక్కినం, అందాజుల వచ్చినం." ఈ మాటలు నేల వైపు చూస్తూ అన్నాడు. సునంద రొట్టె తినడం ఆపింది.

నేను బయటికెళ్ళి డైరెక్టరు గారికి ఫోను చేశాను. మనుషుల పక్షాన ఎవరో ఒకరు పేరుతో నిలబడాలంటున్నారు, మీరొస్తారా అన్నాను. "సంస్థే బాధ్యత అని చెప్పండి వరలక్ష్మి గారూ. వాహనం పంపుతాంగా. చిన్న విషయాన్ని పెద్దది చేయకండి," అని పెట్టేశారు.

నాకు గురువారం తిరుగు ప్రయాణం ఉంది. అదీగాక ఆయన కింద శిబిరంలో మళ్ళీ పనిచేయనని రెండేళ్ళ కిందట అనుకున్నాను. ఎందుకో రాజవ్వ అడిగితే చెప్పాను. ఆ ఏడు శిబిరం అయ్యాక సన్మానం పెట్టి అందరికీ శాలువాలు కప్పారు. నా పేరు ఆఖర్న చదివారు. నా దాకా వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. ఇంటికి పంపిస్తామన్నారు. ఆవపువ్వు రంగు, ఆకుపచ్చ అంచు, అంచు మీద చిన్న మామిడి పిందెలు. ఇంతవరకు రాలేదు.

రాజవ్వ ఈసారి నిజంగానే నవ్వింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమయ్యా, ఇంటున్నవా? పిందెలు గూడ యాదికున్నయట. గీ అమ్మ మిమ్ముల మర్చిపోయేది గాదు," అంది.

అది నాకు కొంచెం కష్టంగానే తోచింది. కాని పోశమల్లు నవ్వలేదు. మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసి, "మీరు పట్టుకుంటరా బిళ్ళలు?" అన్నాడు.

పట్టుకుంటానన్నాను. టిక్కెట్టు రద్దు చేశాను.

మంచినూనె డబ్బా మూత కత్తిరించి, అంచులు రాయికి రుద్ది, మేకుతో అంకెలు పొడిచి ఆరు బిళ్ళలు చేశాడు. పొద్దుగూకేలోగా ఇద్దరు తోటి పనివాళ్ళకు ఫోన్లు చేశాడు. సునంద తన స్నేహితురాలికీ, ఆమె అన్న అంబులెన్సు అటెండరుకూ చేసింది. అందరికీ ముందు చెప్పింది జీతం కాదు. "బిళ్ళలున్నయి" అని.

రాజురా

బిళ్ళ ఎవరింటి గడప మీద వాళ్ళు నా చేతికివ్వాలి, తిరిగి ఆ గడప మీదే తీసుకోవాలి అని పోశమల్లు తేల్చాడు. కాబట్టి గురువారమంతా ఇళ్ళు తిరిగాను. ఐదు పూర్తయ్యాక రాజురా దాటి సునంద పల్లెకు వెళ్ళాం. దారిపొడుగునా పత్తి చేలు, నీళ్ళు నిలిచి ఆకులు ఎర్రబారినవి. సునంద సెలవు పెట్టినందుకు ఆసుపత్రి మేనేజరు, వచ్చాక ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేనన్నాడట. వచ్చాక ఉంది.

అత్తగారు లసుమవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. నాకంటే పెద్దది, నాకంటే పొడుగు. సునంద భర్త చెప్పులేసుకుని పెరట్లోకి తప్పుకున్నాడు.

"నీ పేరేంది? ఊరేంది?"

చెప్పాను.

"పోయినసారి గూడ గిట్లనే జీపొచ్చింది. గిట్లనే తియ్యగ మాట్లాడిన్రు."

"నేను తియ్యగా మాట్లాడనండి," అన్నాను. సునంద వెనకనుంచి, "అవునత్తా, అస్సల్ మాట్లాడది," అంది.

లసుమవ్వ కోడలి చేతిలోంచి ఆరో నంబరు బిళ్ళ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ముడిచింది. గట్టిగా ముడిచింది, అంచు గుచ్చుకుంది. "పదిహేనొద్దులు. నేను లెక్కపెడ్త," అంది.

ఆ సాయంత్రం డైరెక్టరు గారికి ఫోను చేసి ఆరుగురు అన్నాను. భలే అన్నారు. వెంటనే, "అందరికీ సర్టిఫికెట్లున్నాయా?" అన్నారు.

గోండ్‌పిప్రి అవతల

శిబిరం పదిహేను రోజుల సంగతి పొడుగ్గా రాయను. కరపత్రంలో బొమ్మలున్నాయి. ఎత్తు మీదున్న బడి ముందు మూడు డేరాలు. నా మంచం తలవైపు ఒక చెక్క, దానికి ఆరు మేకులు, ఆరు బిళ్ళలు. నిద్రలో కూడా గాలికి అవి ఒకదానికొకటి తగులుతుంటే వినేదాన్ని.

గనివాళ్ళ పని తీరు నాకు కొత్త. రోగిని మోసేటప్పుడు నలుగురిలో ఒక్కడే మాట్లాడతాడు. "రాయి", "దిగుడు", "ఎడమ", అంతే. మిగతా ముగ్గురూ నోరెత్తరు. మా ఆసుపత్రిలో ఒక స్ట్రెచర్‌ను ఆరుగురు పట్టుకుంటే ఆరుగురూ మాట్లాడతారు, రోగితో కలిపి ఏడుగురు. నేను పోశమల్లును నర్సు కాదన్నది మూడో రోజే వెనక్కి తీసుకున్నాను. ఆయనకు చెప్పలేదు గాని, కాగితాల మీద ఆయన పేరు మొదట రాశాను.

ఊళ్ళోవాళ్ళు మాకు గోంగూర వండి తెచ్చేవారు. అంబాడి అంటారు. జొన్న నూకతో ఉడకబెట్టి, మెత్తగా, పుల్లగా. గోంగూరకు అలాంటి గతి పట్టించడం చూసి మొదటి రోజు ముట్టలేదు. నాలుగో రోజు గిన్నె తుడిచి పెట్టాను. ఆ ఊళ్ళలో విరేచనాలు తగ్గాయి. నలుగురిని పాము కరిచింది, నలుగురూ బతికారు. పోశమల్లు, సునంద ఐదో రోజు దాకా పక్కపక్కన పనిచేస్తూ కూడా మాట్లాడుకోలేదు. ఆరో రోజు ఆమె, "పోశన్నా, గా దూది ఇటియ్యి" అంది. ఆయన దూది కట్ట మొత్తం ఇచ్చేశాడు.

ఆఖరి రోజు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి జీపు వచ్చింది. మళ్ళీ వాన పట్టింది. దారిలో ఒక వాగు దాటాలి, దాని మీద చదునైన చప్టా. రెండింటిలోగా దాటకపోతే నీళ్ళెక్కుతాయని డ్రైవరు హిందీలో, మరాఠీలో, చేతులతో చెప్పాడు. సామాన్లు ఎక్కించారు. ఐదుగురు ఎక్కారు. సునంద లేదు. పొద్దున్నే అవతలి వాడలో ఒకామెకు నొప్పులొస్తున్నాయని డోంగాలో వెళ్ళింది. పన్నెండుకు వస్తానంది. ఒంటిగంటైంది.

డైరెక్టరు గారికి ఫోను కలిసింది. "ఐదుగురిని పంపించేయండి. ఆవిడకు రేపు బండి పంపుదాం," అన్నారు.

రేపు అనే మాట వినగానే పోశమల్లు జీపు దిగాడు. ముఖం మాడిపోయి ఉంది. "నేను ఈదుకుంట పోత," అన్నాడు.

"కూర్చో," అన్నాను. ఆయన్ని ఏకవచనంలో అనడం అదే మొదలు. "నీ బిళ్ళ కూడా నా దగ్గరే ఉంది. ఒక్కటి వెతకడానికి రెండు పోగొట్టుకోను."

డ్రైవరు ఇంజను వేశాడు. నేను వెళ్ళి తాళంచెవి లాగేశాను. జాకెట్లో పెట్టుకుని జీపు ముందు చక్రం పక్కన రాయి మీద కూర్చున్నాను. "మావ్శీ, చావీ ద్యా," అన్నాడతను. మావ్శీ అంటే పిన్ని. పిన్నీ తాళంచెవి ఇవ్వు అని. ఆరుసార్లు అన్నాడు, ఆరోసారి గొంతు మారింది. కుర్ర డాక్టరు వచ్చి, "మేడం, మీ వల్ల ఐదుగురు చిక్కుకుంటున్నారు, అది అన్యాయం," అన్నాడు. జీపులో ఉన్న ఐదుగురినీ అడగమన్నాను. సునంద స్నేహితురాలు కిందికి దిగి నా పక్కన గొడుగు పట్టుకుంది.

భయం వేసింది. అది దాచను. నొప్పుల మనిషి, ఎదురు నీళ్ళు, పాత డోంగా. రెండింటికి చప్టా మునిగిందని ఎవరో వచ్చి చెప్పారు. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఇప్పుడిక అందరం ఉండిపోవాల్సిందే. సునందకు ఏమన్నా అయితే లసుమవ్వ గుమ్మం దగ్గర నేనేం చెప్పాలో ఒక్క మాట కూడా తోచలేదు. మామూలుగా నాకు మాటలకు కొదవ ఉండదు.

మూడున్నరకు డోంగా కనిపించింది. సునంద అందులో నిలబడి చీర నడుం దాకా బురదతో, చేతులూపుతోంది. "పోరి పుట్టింది," అని ఒడ్డు నుంచే చెప్పింది. అడ్డం తిరిగిందట, తిప్పి తీశారట. గట్టు ఎక్కి, కదలని జీపును, నన్నూ చూసి ఆగిపోయింది. "ఇంక పోలేదా?" అంది. నేను తాళంచెవి డ్రైవరుకిచ్చాను. పోశమల్లు జీపు వెనక్కి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉన్నాడు.

ఆ రాత్రికి డాక్టరు, డ్రైవరుతో సహా అందరమూ బడిలోనే పడుకున్నాం. తెల్లారేసరికి నీళ్ళు దిగాయి. డైరెక్టరు గారికి ఒకరోజు జీపు అద్దె ఎక్కువైందని కోపం. ఉండనివ్వండి.

బామ్ని

శనివారం గడప గడపకూ వెళ్ళి బిళ్ళలు అప్పజెప్పాను. రాజవ్వ నా తెల్లచీర ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచింది. మరక పూర్తిగా పోలేదు. చివరగా రాజురా.

లసుమవ్వ గుమ్మంలోనే ఉంది. కోడలి ముఖం, చేతులు, మోకాళ్ళు తడిమి చూసింది. పశువును కొనేముందు చూసినట్టు చూసిందని సునంద తర్వాత అంది. బిళ్ళ తీసుకుని కొంగున ముడేసింది.

"ఒక్కరోజు ఎక్కువైంది," అంది నాతో.

"అయింది," అన్నాను. ఎందుకైందో చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద తనే పోసింది. బురద వదలడానికి రెండు చెంబులు పట్టింది.

సాయంత్రం చంద్రపూర్ బస్సు. రాజురా బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీల్లోంచి లోపలికి తువ్వాళ్ళు విసురుతారు. తువ్వాలు ఎక్కడ పడితే ఆ సీటు విసిరినాయనది. మా వైపు కూడా రుమాలు వేస్తారు గాని, మనిషొచ్చి కూర్చుంటే రుమాలు తీసిచ్చేస్తారు. ఇక్కడ తువ్వాలే మనిషి. నేను ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకాయన తీరిగ్గా వచ్చి నా కిందున్న తువ్వాలు కొస పట్టుకుని లాగాడు. లేవనన్నాను. ఆయన మరాఠీలో, నేను తెలుగులో. బస్సులో సగంమంది ఆయన వైపు, సగంమంది నా వైపు. కండక్టరు వచ్చి తువ్వాలుదే న్యాయమన్నాడు. లేచి పక్కకు జరిగాను. జరిగాను గాని ఊరుకోలేదు. వర్ధా వంతెన దాటేదాకా, ఎర్రనీళ్ళు కింద పరుగెడుతున్నంతసేపూ, పెద్దవాళ్ళను ఎలా చూడాలో ఆయనకు చెబుతూనే ఉన్నాను. గొంతు హాయిగా సాగింది.

ఆయన బామ్నిలో దిగాడు. దిగుతూ తువ్వాలు భుజాన వేసుకుని, "బసా మావ్శీ," అని కిటికీ వైపు చేయి చూపించాడు. జరిగి కూర్చున్నాను. పదహారు రోజులుగా ఆరుగురి లెక్క తప్ప మరేమీ పట్టని నా బుర్రలో, ఆయన ఎడమ చెవి మీది పుట్టుమచ్చ చక్కగా నాటుకుంది. కందిగింజంత ఉంటుంది. ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను.